షంషాబాద్‌లో సముద్రపు ఇసుక

టైరులో గాలి తక్కువుంటే బండి తాళం చేతికి ఇవ్వకూడదని జీవితమంతా చెప్పినవాణ్ని నేను. ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడాదిలో నన్ను పిలిచి, గాలి తీసేసి బండి నడపడం నేర్పమన్నారు. అప్పుడు మొదలైన అయోమయం నన్ను ఇంకా పూర్తిగా వదల్లేదు. ఇప్పుడు పెద్ద బండ్లు నేర్చుకుంటున్న మీలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చి, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన డ్రైవర్ ఎవరని అడుగుతుంటారు. ఘాట్ రోడ్డు మీద బ్రేకులు ఫెయిలైన కథ ఏదైనా చెబుతానని ఆశపడతారు. నాకేమో ఇసుకలో దిగబడిన ఒక టిప్పరు, దాని పక్కన గొంతుక్కూర్చున్న ఒక మనిషి గుర్తొస్తారు. ఈ కథలో వేగం లేదు, ముందే చెబుతున్నాను.

మా యార్డు షంషాబాద్ దాటాక, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉండేది. లారీలు, టిప్పర్లు నేర్పే యార్డు అది. విమానం వచ్చిన ప్రతిసారీ పాఠం ఆపాలి. అది పోయాక ఎక్కడ ఆపానో నాకు గుర్తుండేది కాదు, నేర్చుకునేవాళ్లను అడిగితే వాళ్లకూ గుర్తుండేది కాదు. మళ్లీ మొదటి నుంచి చెప్పేవాణ్ని. అలా ఒకే పాఠం చాలాసార్లు చెప్పడం వల్లే నాకు మంచి ఉస్తాద్ అని పేరొచ్చిందని నా అనుమానం.

యార్డులో ఒక ఆచారం ఉండేది. మెత్తగా ఉన్న టైరు కనబడితే బండి ఎవరిదని అడగకుండా గాలి కొట్టాలి. నాకంటే ముందున్న ఉస్తాద్ పెట్టిన ఆచారం అది. నేను దాన్ని ఇంకా బిగించాను. చివరికి ఎంతదాకా వచ్చిందంటే, గేటు ముందు చాయ్ తాగడానికి ఆగిన పరాయి బండ్లకు కూడా మావాళ్లు గాలి కొట్టి పంపేవాళ్లు. ఒకసారి పెళ్లివాళ్ల కారుకు కొట్టబోయి ఉన్న గాలి కాస్తా పోగొట్టారు. పెళ్లికొడుకు దిగి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

అలాంటి యార్డుకు కోస్తా నుంచి ఒక కంపెనీ వచ్చింది. సముద్రం ఒడ్డున వాళ్లు రేవు కడుతున్నారు. అలలకు అడ్డంగా గోడ వేయడానికి టిప్పర్లతో రాళ్లు తోలాలి. దారి లేదు, ఒడ్డు వెంబడి ఇసుక మీదే నడపాలి. నిండా గాలి ఉన్న టైరు ఇసుకను కోసుకుంటూ కిందికి పోతుందట. గాలి సగం దాకా తీస్తే టైరు పరుచుకుని ఇసుక మీద నిలబడుతుందట. పని అయ్యాక, తారు రోడ్డు ఎక్కే ముందు, మళ్లీ నిండా కొట్టాలి. ఇంత వివరంగా ఇప్పుడు చెబుతున్నాను గానీ, మొదటిసారి విన్నప్పుడు నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. బరువు బండికి గాలి తీయడమేంటి? టైరు వేడెక్కదా, పగలదా అని అడిగాను. మెల్లగా నడిపితే, ఇసుక మీదైతే పగలదన్నారు. సరేనన్నాను. ఉద్యోగంలో అర్థం కానిదానికి సరే అనడం నాకు కొత్త కాదు.

గుంత తవ్వించి ఇసుక పోయించారు. మా దగ్గర ఇళ్లు కట్టేవాళ్లకు దొరికేది రాళ్లను పిండి చేసిన ఇసుకే కదా, అదే పోయించారు. నిండా గాలితో టిప్పరు దించాం, దిగబడలేదు. గాలి తీసి దించాం, అప్పుడూ దిగబడలేదు. నేర్చుకునేవాళ్లు నా ముఖం చూశారు.

"మరి గాలి ఎందుకు తీసినట్టు ఉస్తాద్?"

"తియ్యమన్నరు, తీసినం," అన్నాను. 

ఫోనులో ఆ సంగతి చెబితే కంపెనీ ఇంజనీరు చాలాసేపు నవ్వాడు. రాతి పొడి గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటుందని, సముద్రపు ఇసుక జారిపోతుందని చెప్పి, వాళ్ల సైటులో తవ్విన ఇసుకనే మా వైపు ఖాళీగా తిరిగొచ్చే బండ్లలో పంపించాడు. ఆ ఇసుక దిగిన రోజు యార్డులో ఎవరూ పని చేయలేదు. చెప్పులు విప్పి అందులో నడిచి చూశారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి గవ్వలు ఏరుకుపోయారు. నేను కూడా అందరూ వెళ్లాక ఒకసారి నడిచాను. కాలు లోపలికి పోతుంటే భలే తిక్కగా అనిపించింది.

గాలి మిషన్ దగ్గర మాకు ఒక చాచా ఉండేవాడు, పక్కనే పహాడీ షరీఫ్ మనిషి. గాలి తీయడానికి మాత్రం ఆయన ససేమిరా ఒప్పుకోలేదు.

"నాకు కొట్టుడే ఎరుక. తీసుడు నాతోటి కాదు. గది మీరే చేస్కోండ్రి," అని కుర్చీ అటువైపు తిప్పుకుని కూర్చునేవాడు.

ఇంజనీరు పంపిన ఇసుకలో దిగబడటం, గాలి తీయడం, బయటికి రావడం నాతో పాటే నేర్చుకున్నవాళ్లు ఐదుగురు. నేను వాళ్లకంటే ఒక పాఠం ముందున్నానంతే. ఆ ఐదుగురిలో ఒకతను షాద్‌నగర్ వైపు డ్రైవర్. నలభై దాటినవాడు. బండి మీద అతని చేయి చూస్తే నాకు నేర్పడానికి సిగ్గేసేది. అయినా అతనికి హైవే మీద ఎవరూ బండి ఇవ్వడం లేదు. కొన్నాళ్ల కింద అతను నడుపుతున్న లారీ ముందు టైరు పగిలి బోల్తా పడింది. పక్క సీటులో ఉన్న సొంత తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. ఇతనికి మోచేయి గీసుకుపోయింది, అంతే. అప్పటి నుంచి తమ్ముడి భార్య, ఇద్దరు పిల్లలు, తన ఇల్లు, అందరూ ఇతని మీదే. ఏ యజమాని దగ్గరికి వెళ్లినా, "నువ్వేనా ఆ బండి నడిపింది?" అని అడిగి తర్వాత చెబుతామనేవారట. పెళ్లి భోజనాల సామాన్లు దించే కూలి పనికి కూడా పోయాడు. ఈ రేవు కంపెనీ ఒక్కటే అతని పాత సంగతి అడగలేదు. ఇది కూడా తప్పిపోతే ఇక స్టీరింగు పట్టే దారి లేదు. ఆ మాట అతనే నాతో అన్నాడు, అడగకుండానే, ఒకసారి చాయ్ తాగుతూ.

పాఠాల్లో అతనితో ఏ ఇబ్బందీ రాలేదు. ఒకటే గమనించాను. గాలి తీసేటప్పుడు సుయ్యిమని చప్పుడు మొదలవగానే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. దుమ్ము కళ్లలో పడుతుందని అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

పరీక్ష పెట్టడానికి ఇంజనీరే వచ్చాడు. సన్నగా, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాతో, ప్రతి మాటకూ అండీ అనే మనిషి. సాయంత్రం విమానానికే తిరిగి వెళ్లిపోవాలి. పరీక్ష సులువైనదే. గాలి తీయాలి, సగం లోడుతో గుంత ఇటు నుంచి అటు దాటాలి, మళ్లీ గాలి కొట్టాలి. పొద్దుటి నుంచి నలుగురివి అయ్యాయి. ఒకతను తడబడ్డాడు గానీ గట్టెక్కాడు. షాద్‌నగర్ డ్రైవర్ చివరివాడు. ఇంజనీరు, నేను ఇద్దరం చూస్తుండగానే టైర్లన్నిటికీ గాలి తీశాడు. నేను గాలి కొలిచే మీటరు పెట్టి చూశాను, సరిగ్గా ఉంది. అప్పుడే ఇంజనీరుకు ఫోను వచ్చింది. మాట్లాడటం అయ్యాక, "భోజనం చేసి వచ్చేద్దామండీ, ఇతనిది ఒక్కటే కదా," అన్నాడు. తినడానికి వెళ్లాం.

భోజనం అయ్యాక అతను బండి ఎక్కాడు. మెల్లగానే గుంతలోకి దించాడు. మూడు బండ్ల పొడవు కూడా పోలేదు, వెనక చక్రాలు తిరుగుతూ తిరుగుతూ ఇరుసు దాకా కిందికి పోయాయి. నేర్పినట్టే వెంటనే కాలు తీశాడు. ఇంజను ఆపాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి టైరు మీద చేయి వేశాను. రాయిలా ఉంది. మీటరు పెట్టాను. నిండా గాలి.

నాకు ఒక్క క్షణం ఏ రోజులో ఉన్నానో తెలియలేదు. నా చేత్తోనే కదా చూశాను? ఇందాక చూసింది వేరే బండినా? ఇంకో టైరు చూశాను, అదీ అంతే. అన్నీ అంతే.

ఇంజనీరు గుంత అంచున నిలబడి అడిగాడు. "ఇందాక గాలి తీశారు కదండీ? నేను చూశాను కదా. మరి ఇదేంటండీ?"

"నాకు గూడ సమజయితలేదు సార్."

డ్రైవర్ దిగి వచ్చి టైరు పట్టుకుని చూశాడు. పక్క టైరునూ నొక్కి చూశాడు.

"ఎవరు కొట్టిన్రు ఉస్తాద్?"

అదే నేనూ అడుగుతున్నాను. నాకు వెంటనే మా ఆచారం గుర్తొచ్చింది. మెత్తటి టైరు కనబడితే అడగకుండా కొట్టే మహానుభావులు నా యార్డు నిండా ఉన్నారు, వాళ్లను తయారు చేసింది నేనే. ముందుగా చాచా దగ్గరికి వెళ్లాను.

"నేనా? నేను నమాజుకు పోయి గిప్పుడే వచ్చిన. నా మిషన్ ఎవడు ముట్టిండో నేనే అడుగుదామనుకుంటున్న," అన్నాడు చాచా.

మిగతా నలుగురినీ నిలబెట్టాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా మనసులో ఒక పాడు ఆలోచన దూరింది. కంపెనీకి కావలసింది నలుగురే అయితే ఐదోవాణ్ని తప్పించాలని వీళ్లలో ఎవరో చేశారేమోనని. నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఒకతనికి ఏడుపొచ్చినంత పనయింది.

"పొద్దుగాల నా బండికి నేను కొట్టుకున్న ఉస్తాద్, గంతే. అన్నం తినేటప్పుడు అందరం ఒక్కకాడనే ఉన్నం."

"అందరున్నరా?"

"ఉన్నం." అని ఆగి, "అన్న ఒక్కడు రాలె," అన్నాడు.

ఆ మాట నాకు చెవిలో పడింది గానీ బుర్రలోకి పోలేదు. అప్పుడే గేటు దగ్గర హోటలు నడిపే అక్క, ఖాళీ ప్లేట్లు తీసుకుపోవడానికి వచ్చింది. మా గొడవ కాసేపు విని, విసుక్కుంటూ అంది.

"గాలి ఆయననే కొడుతుండె గదన్నా. అన్నం తిన రా అని రెండుసార్లు పిలిచిన, ఇనలె. నువ్వే చెప్పినవేమో అనుకున్న."

ఆమె చూపించింది షాద్‌నగర్ డ్రైవర్ని.

అందరం అతని వైపు తిరిగాం. అతను మా అందరికంటే ఎక్కువ ఆశ్చర్యంగా చూశాడు. "నేనా? నేను కొట్టలేదక్కా," అన్నాడు. అబద్ధం కాదు. అబద్ధమాడే డ్రైవర్లను నేను చాలామందిని చూశాను, వాళ్ల గొంతు అలా ఉండదు. అంటూనే చేతులు తిప్పి చూసుకున్నాడు. వేళ్లు నల్లగా మసి పట్టి ఉన్నాయి. చొక్కా జేబు తడుముకుంటే వాల్వు మీద పెట్టే మూత ఒకటి బయటికొచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ అలాగే ఇసుకలో కూర్చుండిపోయాడు. ఏదో విమానం మా నెత్తి మీదుగా దిగింది. అది పోయేదాకా అతను మూతను వేళ్లతో తిప్పుతూనే ఉన్నాడు.

"చెట్టు కింద కూసున్న," అన్నాడు తర్వాత. "బండి కనబడ్డది. టైర్లు మెత్తగున్నయి. గంతే యాదికున్నది ఉస్తాద్."

ఇంజనీరుకు ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. నేను చెప్పేలోపే అతనే చెప్పాడు, నేలను చూస్తూ.

"గా దినం తమ్ముడు పొద్దుగాలనే చెప్పిండు సార్. ఎడమ దిక్కు టైరు మెత్తగుందన్నా, గాలి కొట్టిద్దాం అన్నడు. ముంగట షాద్‌నగర్ ఉన్నది గద, ఆడ కొట్టిద్దాం తీ అన్న. మల్ల ఒకసారి అన్నడు. వచ్చినం తీ అన్న. షాద్‌నగర్ రాలె."

టైరు పగిలిన సంగతి నాకు తెలుసు. ఈ సంగతి తెలియదు. బహుశా ఇంట్లో కూడా తెలియదు. తమ్ముడి భార్యతో ఒకే వంటింటి అన్నం తింటూ ఈ మాట ఎన్నాళ్లు లోపల పెట్టుకున్నాడో! చేతిలో ఉన్న మీటరును తుడుస్తూ నిలబడ్డాను.

ఇంజనీరు నన్ను చేత్తో పైకి పిలిచాడు. కొంచెం పక్కకు తీసుకెళ్లాడు.

"నాకు బాధగానే ఉందండీ. కానీ మీరు చెప్పండి, అక్కడ సముద్రం పక్కన ఇలా జరిగితే ఏం చేయాలి? నీళ్లు వెనక్కి పోయే ఆటు చూసుకుని లోపలికి పంపిస్తాం. నీళ్లు తిరిగి వచ్చే వేళకి బండి దిగబడిపోయి ఉంటే, బండితో పాటు మనిషి కూడా పోతాడు. తనకి తెలియకుండా తన చేతులు పని చేస్తాయంటే నేను ఎలా పంపగలను?"

ఆ మాటలో తప్పేముంది? అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ని. ఇటు చూస్తే ఇసుకలో కూర్చున్న మనిషి. నాకు ఇద్దరూ సరైనవాళ్లుగానే కనిపించారు. అలాంటప్పుడు ఏం చేయాలో ఏ ఉస్తాదూ నాకు నేర్పలేదు.

"బండి ఎట్లయిన బయటికి తియ్యాలె గద సార్," అన్నాను. "ఆయననే తియ్యనీయండ్రి. తీసినంక మీ ఇష్టం."

ఇంజనీరు వాచీ చూసుకుని, "సరేనండీ," అన్నాడు.

పార తీసుకుని చక్రాల ముందూ వెనకా ఇసుక లాగడం మొదలుపెట్టాను. అతని బాధ చూడలేక, గాలి కూడా నేనే తీసేద్దామని ముందు టైరు దగ్గర వంగాను. అతను వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు ఉస్తాద్. నేనే తీస్త."

వాల్వు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మూత తీశాడు. వేలు పెట్టాడు. చప్పుడు రాలేదు. వేలు అక్కడే ఉంది, నొక్కడం లేదు. పైన ఇంజనీరు, నలుగురు డ్రైవర్లు, చాచా, ప్లేట్లు పట్టుకున్న అక్క, అందరూ చూస్తున్నారు. లేచిపోతాడేమో అనుకున్నాను.  అప్పుడు టైరు వైపే చూస్తూ, చాలా మెల్లగా, పక్కనున్న నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"తమ్మీ, ఇది రోడ్డు కాదురా. ఇసుక. బయటికి రాంగనే కొడుత."

సుయ్యిమని గాలి మొదలైంది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

రెండో టైరు దగ్గరా అదే మాట. మూడో దాని దగ్గరా అదే. పది టైర్లున్న బండి అది. ఏ ఒక్క టైరుకూ చెప్పకుండా గాలి తీయలేదు. ఇంజనీరు అంచు మీంచి వంగి, "ఏమంటున్నారండీ ఆయన?" అని అడిగాడు.

"నాకు సరిగ్గ ఇనవస్తలేదు సార్," అన్నాను.

బండెక్కి వెనక్కి తీశాడు. తొందరపడలేదు. టైర్లు పక్కలకు పరుచుకుని, ఇసుకను కిందికి తొక్కుకుంటూ, బరువుగా, మెల్లగా బయటికొచ్చాయి. అక్కడితో ఆపలేదు. అదే దారిలో మళ్లీ ముందుకు దించి, గుంత అవతలి అంచు దాకా దాటించాడు. ఎక్కడా స్టీరింగు గట్టిగా తిప్పలేదు. ఇన్నేళ్లలో నేను చూసిన మంచి డ్రైవింగుల్లో అదొకటి, దాని వేగం ఎంతంటే పక్కన చిన్నపిల్లాడు కూడా నడవగలడు.

ఇంజనీరు ఊపిరి వదిలాడు. "తీసుకుంటానండీ," అన్నాడు నాతో. "కొన్నాళ్లు నా కళ్లముందే నడిపిస్తాను. చెప్పండి ఆయనకి." ఆ మాట చెప్పడానికి ఇద్దరం బండి దగ్గరికి వెళ్లాం. అతను అప్పటికే కిందికి దిగి, చాచా దగ్గర గాలి పైపు లాక్కొచ్చి, మొదటి టైరుకు పెట్టాడు.

"సార్ తీసుకుంటమంటున్నరు," అన్నాను.

తలాడించాడు, లేవలేదు. ఒక్కో టైరూ నింపుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. ఇంజనీరు కారు హారను మోగింది, విమానం వేళవుతోంది. కాసేపు ఆగి చూసి, అతని భుజం మీద చేయి వేసి, ఇంజనీరు వెళ్లిపోయాడు. చాచా కుర్చీ ఇటువైపు తిప్పుకుని, మిషన్ ఆగిపోకుండా చూసుకున్నాడు. ఎడమ పక్క ముందు టైరును అతను చివరికి ఉంచుకున్నాడు. దానికి గాలి నిండాక కూడా కాసేపు దాని మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఉస్తాద్, ఆడ దినాం గిట్లనే ఉంటదా? దినాం తీసుడేనా?"

నాకు భయమేసింది. రోజూ ఈ మనిషి ఈ బాధ పడాలా, ఇంత కష్టపడి నేను ఇతన్ని పంపుతున్నది దీనికేనా అనిపించింది. అబద్ధం చెప్పలేకపోయాను.

"దినాం ఉంటది. పొద్దుగాల ఇసుకల దిగేటప్పుడు తియ్యాలె. పని అయినంక రోడ్డెక్కే ముందు మల్ల కొట్టాలె."

"రోడ్డెక్కే ముందు కొట్టాలె," అన్నాడు. "దినాం."

"దినాం."

"గట్లయితె పోత ఉస్తాద్."

అని లేచి పైపు చుట్టి చాచాకు ఇచ్చి, అన్నం ఏమైనా మిగిలిందా అని హోటలక్కను అడిగాడు.